టాపు మీద రెండు దెబ్బలు

పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కొని వారమే అయింది. ఆ రాత్రి వానలో, అడవి బాటలో, అది బురదలో కూరుకుపోయింది. భార్య ఒళ్లో కూతురు ఎగశ్వాస తీస్తోంది.

"ముందు చక్రాల లాకులు తిప్పలేదు, నా మతి మండ!" అంటూ అతను దిగాడు. పాత బళ్లకి వాటిని చేత్తోనే తిప్పాలి, లేకపోతే ముందు చక్రాలు లాగవు.

బురదలో మోకాళ్లూని ఎడమ లాకు తిప్పాడు. టక్‌మంది.

కుడివైపు నుంచి ఇంకో టక్ వినిపించింది.

"నువ్వు దిగావా?"

"పాపని వదిలేసి ఎక్కడికి దిగుతానండీ? తొందరగా రండి!"

అటు వెళ్లి చూస్తే ఎవరూ లేరు. లాకు మాత్రం తిప్పి ఉంది. దాని మీద తడి బురద వేళ్ల గుర్తులున్నాయి.

ఆలోచించే తీరిక లేదు. ఎక్కి స్టార్ట్ చేశాడు. వెనక ఖాళీ తొట్టిలోంచి ఎవరో టాపు మీద రెండు దెబ్బలు కొట్టారు. సరుకెక్కించే కూలీలు 'పోనియ్' అనడానికి అలాగే కొడతారు. బండి ఒక్క ఊపున బయటపడింది.

"ఎవరో పుణ్యాత్ములు," అంది భార్య. అతను అద్దంలోకి చూడలేదు.

మలుపు తిరగ్గానే ఆసుపత్రి దీపాలు కనిపించాయి.

"వచ్చేశాం తల్లీ, వచ్చేశాం!"

అప్పుడు టాపు మీద ఒకే ఒక్క దెబ్బ పడింది. ఒక్క దెబ్బంటే ఆపమని.

అతను ఆపలేదు. యాక్సిలరేటర్ ఇంకా గట్టిగా తొక్కాడు.

అతని కాలు దాని మీద ఉండగానే, పక్కనున్న బ్రేకు పెడల్ మెల్లగా కిందికి దిగింది.