ఈ కెప్టెనే కావాలి

"తాగుతాడా?"

బుకింగ్ ఆఫీసులో అమ్మాయి మాట మధ్యలో ఆగిపోయింది. అప్పటిదాకా ఆమె గోడమీది పటంలో దీవులు చూపిస్తూ, పొద్దున్నే తెరచాప ఎక్కడ ఎత్తుతారో, మధ్యాహ్నం ఏ ఒడ్డున ఈతకి దిగొచ్చో చెబుతోంది.

"ఎవరండీ?"

"పడవ నడిపే అతను." బామ్మ బల్లమీది ఫొటోల్లో ఒకదాని మీద వేలు పెట్టింది. నీలం పడవ ముందు చెప్పుల్లేకుండా నిలబడి నవ్వుతున్న కుర్ర కెప్టెన్.

"లేదండీ. అతిథులు పోసిచ్చినా ముట్టుకోడు."

"పోసిచ్చినప్పుడు నువ్వు పక్కనున్నావా?"

"పడవలో వంటావిడ చెప్పిందండీ."

పక్క కుర్చీలో తాత ఇబ్బందిగా కదిలాడు. "పడవ మాట్లాడుకోడానికొచ్చావా, కేసు విచారించడానికొచ్చావా?"

"మీరూరుకోండి. ప్రాణం తీసుకెళ్ళి ఎవరి చేతుల్లో పెడుతున్నామో తెలుసుకోవద్దూ?"

అమ్మాయి నవ్వింది. ఇలాంటి భయస్తుల్ని చాలామందిని చూసింది. పడవ మొత్తం ఇద్దరికే ఇస్తామనీ, కెప్టెన్, వంటావిడ, ఒక సహాయకుడు తోడుంటారనీ చెప్పింది. గట్టి సూట్‌కేసులు మాత్రం తేవద్దు, పెట్టడానికి చోటుండదు, మడిచిపెట్టే సంచులైతే మంచిదంది.

"నిన్ననే కొన్నాను సూట్‌కేసు. చక్రాలు కూడా ఉన్నాయి," అని తాత మొహం వేలాడేశాడు.

"చక్రాలతో నీళ్ళమీద నడుస్తారా ఏం?" అని బామ్మ మళ్ళీ ఫొటో వైపు తిరిగింది. "కోపమెక్కువా?"

"బామ్మగారూ, అంత భయంగా ఉంటే పెద్ద కెప్టెన్ గారున్నారు, ఈ తెల్లపడవ ఆయన. జుట్టంతా సముద్రంలోనే నెరిసింది. ఆయన్ని ఇవ్వమంటారా?"

"ఆయన సంగతి ఆయన పెళ్ళాం చూసుకుంటుంది. నువ్వు ఈ అబ్బాయి సంగతి చెప్పు."

తాత గొంతు తగ్గించాడు. "కొంచెం ఓపిక పట్టమ్మా. ఇవాళ ఈవిడ అవునో కాదో తేల్చెయ్యాలి. మనవరాలు కాచుక్కూచుంది."

"అబ్బ, మీ మనవరాలు పంపిస్తోందా!"

"దాని కోరికే ఇదంతా. తల్లీ తండ్రీ లేని పిల్ల. మేమే పెంచాం. ఈవిడ కాదంటే అది నోరెత్తదు. అలాగని సంతోషంగానూ ఉండదు."

బామ్మ వినబడనట్టు చేతిసంచీ జిప్పు లాగుతూ, వేస్తూ కూర్చుంది.

అమ్మాయికి ఆవిడ మీద జాలేసింది. కుర్చీ ముందుకు జరుపుకుంది. "కోపం గురించి అడిగారు కదా. పోయిన సీజన్లో ఒక కుటుంబం ఎక్కింది. పుట్టినరోజు అవతలి దీవిలోనే చేసుకోవాలని పట్టు. గాలి బాగాలేదు, వెళ్ళనన్నాడు. పిరికివాడన్నారు, నానా మాటలన్నారు. నాకు ఫోన్ చేసి మరీ తిట్టారు."

"అతనేమన్నాడు?"

"ఏమీ అనలేదు. లంగరు ఎత్తలేదంతే. పిల్లల్ని ఒడ్డుకి తీసుకెళ్ళి ఇసుకలో కేకు చేశాడట. సాయంత్రానికి వాళ్ళే వచ్చి సారీ చెప్పారు."

బామ్మ పెదవుల చివర ఏదో కదిలింది. వెంటనే సర్దుకుంది. "రాత్రుళ్ళు నడుపుతాడా?"

"చీకటి పడేలోపే లంగరేస్తాడు."

"సీజను అయిపోయాక? ఎటు పోతాడు?"

"ఎక్కడికీ పోడండీ. పడవని ఒడ్డుకి లాగించి, అడుగు గీకించి, రంగు వేయిస్తాడు. గాలివానల నెలలన్నీ ఊళ్ళోనే."

"చెప్పిన రోజుకి తిరిగొస్తాడా?"

ఈ ప్రశ్న అడిగేటప్పుడు బామ్మ గొంతు మారింది. తాత తల దించుకున్నాడు.

"వెళ్ళొస్తానని గుమ్మం దాటి రానివాళ్ళని చూశానమ్మా," అంది బామ్మ. "మా అబ్బాయీ కోడలూ అలాగే వెళ్ళారు. పాప నా ఒళ్ళో ఉంది. ఆ రాత్రంతా ఫోను పక్కన కూర్చున్నాను. మళ్ళీ అలా కూర్చోలేను. ఎవర్నీ కూర్చోబెట్టలేను."

అమ్మాయి చేతిలో పెన్ను పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "రోజూ లంగరు వేయగానే ఆఫీసుకి ఫోన్ చేస్తాడండీ. అలా చెయ్యాలని రూలేం లేదు. మిగతావాళ్ళెవరూ చెయ్యరు. ఎందుకయ్యా రోజూ అని ఒకసారి నేనే విసుక్కున్నాను."

"ఏమన్నాడు?"

"'ఒడ్డున ఎవరో ఒకరు ఎదురుచూస్తుంటారు కదండీ, వాళ్ళని అనుమానంలో ఉంచకూడదు' అన్నాడు."

బామ్మ కొంగుతో కళ్ళు అద్దుకుంది. గుండెల మీద పెట్టుకున్న బరువేదో దించినట్టు పెద్దగా ఊపిరి వదిలింది.

"ఏమండీ, దానికి ఫోన్ కలపండి."

తాత కలిపి ఇచ్చాడు. బామ్మ ఫోను రెండు చేతులతో పట్టుకుని అరిచినట్టు మాట్లాడింది. "ఒసే, నేను సరేనన్నానే! అవును, నేనే... ఏడుస్తావేంటే పిచ్చిదానా? ముందు అన్నం తిను."

అటునుంచి వచ్చిన కేక బల్ల ఇవతలికీ వినిపించింది. బామ్మ పడవెక్కడానికి ఒప్పుకుంటే ఇంత సంబరపడే మనవరాలు ఎంతమందికి ఉంటుందనుకుంది అమ్మాయి. ఆమెకీ కళ్ళు చెమర్చాయి.

"అయితే ఖాయం చేసేస్తాను. ఏ వారం వేసుకోమంటారు?"

"వచ్చే సీజనులో వేద్దువుగానమ్మా," అన్నాడు తాత హుషారుగా. "ఈలోపు ఇంట్లో ఒక పనుంది."

"అంత పెద్ద పనేంటండీ?"

బామ్మ చేతిసంచీ భుజాన వేసుకుని లేచింది.

"మీ కెప్టెన్‌కి మా మనవరాలినిచ్చి పెళ్ళి చెయ్యాలమ్మా."