ఆకుపచ్చ రైల్లో బొట్టు

డ్రైవర్లు లేని నీలం రైళ్లకు బ్రేకులు సరిగా పడడం లేదని తేలాక వాటన్నిటినీ ఆపేశారు. రైళ్లు లేక కడియం ఊళ్లో పూలు బుట్టల్లోనే వాడిపోతున్నాయి. ఆ శుక్రవారం ఉదయం, ఈ లైనులో ఎప్పుడూ తిరగని ఆకుపచ్చ రైలు వచ్చి స్టేషన్‌లో ఆగింది.

"కొత్త బండే అమ్మా! ఇంక భయం లేదు," అంటూ లోవ బుట్టతో ఎక్కేసింది.

"తోసుకోకే, పూలు నలిగిపోతాయి," అంటూ తల్లి సత్యవేణి వెనకే ఎక్కింది.

శుక్రవారం రైలెక్కగానే తలుపు పక్క కడ్డీ వెనక బొట్టు పెట్టడం ఆమె అలవాటు. ముందువైపు పెడితే తుడిచేస్తారు. కుంకుమ భరిణె తీసి వంగి చూసింది. అక్కడ అప్పటికే బొట్టు ఉంది. దాని కింద ఆమె గోటితో దిద్దే మూడు పసుపు గీతలూ ఉన్నాయి.

"లోవా, దిగవే! ఇది ఆ నీలం బండే. రంగేసి తెచ్చారు!"

"ఊరుకోమ్మా, నవ్వుతున్నారు."

"దిగితే దిగండి పిన్నిగారూ, దారికడ్డం నిలబడకండి," అన్నాడెవరో.

సత్యవేణి కూతురి చెయ్యి పట్టుకుని లాగింది. ఈలోగా తలుపులు మూసుకున్నాయి. "మీ ప్రయాణం క్షేమం," అంది రైలు.

బండి వేగం అందుకుంది. సత్యవేణి లోవ చెయ్యి వదలకుండానే, రెండో చేత్తో ఆ పాత బొట్టు మీదే మళ్లీ కుంకుమ అద్దింది.