ఫొటో మీద మాటలు

"అక్షరాలు ఇంకొంచెం పెద్దగా రాయి పాపా," అన్నాడు దివాకర్, కుర్చీని కంప్యూటర్ దగ్గరికి లాక్కుంటూ.

"ఇంకా పెద్దగా రాస్తే చిక్కీ కనపడదన్నా," అంది ఫరీన్.

"చిక్కీ కనపడకపోతే పాయె. మాట మాత్రం కనపడల్ల."

తెరమీద చెనిక్కాయ పప్పులు, బెల్లంతో చేసిన చిక్కీ ఫొటో ఉంది. దాని మీద ఎర్రటి అక్షరాల్లో 'ముందు మొదలుపెట్టింది మేమే' అన్న మాట. ఫరీన్ అక్షరాలు పెంచింది. చిక్కీ సగం మునిగిపోయింది. దివాకర్ తల ఊపాడు.

ఫరీన్‌ది బత్తలపల్లె. ఖలీల్‌ని పెళ్లి చేసుకుని నల్లమాడకు వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఖలీల్ స్టూడియోలో ఫొటోలు తీస్తాడు, కంప్యూటర్ పని ఆమె చూసుకుంటుంది. ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకునేవాళ్ల ఫొటోలు సరిచేసి, వాటి మీద ఆఫర్లూ పొగడ్తలూ రాసిపెడుతుంది. ఈ పనికి ఆమె దగ్గరికి వచ్చిన మొదటి గిరాకీ దివాకర్. వాన లేక చేను ఎండిపోతే, కాయలు బయట కొని చిక్కీలు చేయించి అమ్ముతున్నాడు. ఇప్పుడు అతనికి ఆధారం అదొక్కటే. అందుకే ఆ ఫొటోల విషయంలో ఫరీన్ చాలా జాగ్రత్తగా ఉంటుంది.

చిక్కల్లా తనకల్లు ఊరితోనే వచ్చింది. అక్కడినుంచి ఇంకొకరు అదే వెబ్‌సైట్‌లో చిక్కీ పెట్టారు. దివాకర్ స్టూడియోలో కాలు పెట్టగానే అడిగేది ఒకటే: "తనకల్లోళ్లు ఏం రాసినారో చూడు పాపా."

ఎర్ర అక్షరాల మాటకు జవాబు ఎంతోసేపు పట్టలేదు. తనకల్లు చిక్కీ ఫొటో మారింది. 'ఈ రుచి నేర్పింది ఎవరో అడగండి' అని ఉంది.

దివాకర్ మీసం దువ్వుకున్నాడు. నవ్వుతున్నాడో, పళ్లు కొరుకుతున్నాడో ఫరీన్‌కి అర్థం కాలేదు.

"మనం గూడా రాద్దాం. 'నేర్పినోళ్లను మించినాం' అని పెట్టు."

ఆ మాటకు వచ్చిన జవాబు ఇంకోలా ఉంది. 'ఎవరి సాయమూ లేకుండా చేసినవి.'

అది చదివి దివాకర్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఖలీల్ తెప్పించిన టీ ముందర పెట్టుకుని అట్లే కూర్చున్నాడు. టీ మీద మీగడ కట్టింది.

"వాళ్ల మాటలకేంలేన్నా," అంది ఫరీన్. "మనం ధర తగ్గించి, అదే పెద్దగా రాద్దాం. కొనేవాళ్లు మన దిక్కే వస్తారు."

"కొనేవాళ్ల గురించి కాదులే పాపా," అని లేచి వెళ్లిపోయాడు.

వారం తిరక్కముందే వెబ్‌సైట్ నుంచి హెచ్చరిక వచ్చింది. ఫరీన్ దివాకర్‌ని పిలిపించింది.

"అన్నా, మొదటి ఫొటో మీద ఒక్క అక్షరం గూడా ఉండకూడదంట. తీసేయకపోతే మన సరుకు అమ్మకం ఆపేస్తారంట. కావాలంటే రెండో ఫొటో మీద రాసుకోవచ్చు. తనకల్లోళ్లు అప్పుడే మార్చుకున్నారు."

"రెండో ఫొటో దాకా చూస్తారో లేదో. మొదటిదాని మీదే రాయి."

"ఆపేస్తారన్నా."

"ఇదొక్కసారి రాయి. 'ఈమధ్య మా చిక్కీలో తీపి తగ్గింది' అని."

ఫరీన్ మౌస్ మీదినుంచి చెయ్యి తీసేసింది. "తమ సరుకు బాగలేదని ఎవరైనా తామే రాసుకుంటారా?"

"ఉండే మాటే కదా పాపా."

ఆమె లోపలి గదిలోకి పోయి భర్తతో గొంతు తగ్గించి చెప్పింది. "పంతానికి పోయి ఉండే ఒక్క ఆధారాన్నీ పోగొట్టుకుంటాండాడు. నువ్వన్నా చెప్పరాదా?"

ఖలీల్ లెన్సు తుడుచుకుంటూ తలెత్తలేదు. "ఆయన చెప్పినట్టే రాయి. మధ్యలో మనమెందుకు?"

ఫరీన్ రాసింది. అక్షరాలు చిన్నవిగానే పెట్టింది. దివాకర్ చూసి, ఈసారి అక్షరాలు పెంచమని అడగలేదు.

మరుసటి పొద్దున అతను వచ్చేసరికి ఫరీన్ మొహం వాడిపోయి ఉంది.

"అమ్మకం ఆపేసినారన్నా. నేను గట్టిగా చెప్పాల్సింది."

"ఆపకముందు ఎవరన్నా చూసింటారా?"

"రాత్రంతా ఉండాది గదా. చూసే ఉంటారు."

"అయితే సరే," అన్నాడు. బాధపడినట్టే లేడు. "తనకల్లోళ్లది తెరువు."

ఫరీన్ తెరిచింది. సాయం లేకుండా చేసినవన్న మాట లేదు. పొగడ్తలూ లేవు. రెండో ఫొటోలో చిక్కీల పక్కన, తెల్లటి చిన్న అక్షరాలతో ఒకటే వాక్యం. 'కావాల్సినోళ్లు నేరుగా వచ్చి తీసుకుపోవచ్చు.'

"పార్సిల్ ఖర్చు మిగిలించుకుందామని పెట్టింటారు," అంది ఫరీన్.

దివాకర్ ముందుకు వంగి చదివాడు. మళ్లీ చదివాడు. చేతి వేళ్లతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. ఆ తర్వాత లేచి, ఫొటోలు దిగేవాళ్ల కోసం గోడకు తగిలించిన అద్దం ముందు నిలబడి తల దువ్వుకున్నాడు. చొక్కా గుండీ ఒకటి తెరుచుకుని ఉంటే పెట్టుకున్నాడు.

"అన్నా, అక్షరాలు తీసేసి ఫొటో మళ్లీ పంపిస్తా. సరిచేస్తే తిరిగి అమ్ముకోనిస్తారంట."

"పంపీ పాపా. ఇంక రాసే పని లేదు."

బండి తాళం చేతిలోకి తీసుకున్నాడు. లోపలినుంచి ఖలీల్ గుమ్మం దాకా వచ్చి, ద్వారబంధానికి ఆనుకుని నిలబడి నవ్వుతున్నాడు.

"ఇంత పొద్దున్నే యాడికన్నా?" అడిగింది ఫరీన్.

"తనకల్లుకు."

"పోటీవాళ్ల దగ్గర చిక్కీ కొనేదానికా?"

"కాదు పాపా, నా పెండ్లాన్ని పిల్చుకొచ్చేదానికి."