తిన్నాకే నెట్

"మూడు సిస్టములకూ ప్రాక్సీ పెట్టినవా?" వైకుంఠం గొంతు తగ్గించి అడిగాడు.

"పెట్టిన అన్నా. లేని అడ్రస్ ఇచ్చిన, ఇగ ఒక్క పేజీ గూడ తెరుచుకోదు," అన్నాడు మహేష్. "పొద్దున బహదూర్‌పురా యాక్సిడెంట్ వీడియో చూసిననని కోపమా? జరసేపే కదన్నా!"

"చెప్పింది చెయ్యి. జరుగు, పాస్‌వర్డ్ నేను పెడ్త."

తప్పు కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టాడు వైకుంఠం.

గౌలిపురలోని ఆ డీటీపీ సెంటర్‌లో బడుల ప్రశ్నపత్రాలు టైపు చేస్తారు. అవి బయటికి పొక్కకుండా పనివాళ్ల ఫోన్లు ఓనర్ వైకుంఠం సొరుగులో పెట్టి తాళం వేయడం అక్కడి రివాజు. నెట్ మాత్రం ఎన్నడూ ఆపలేదు. ఈరోజే ఎందుకు ఆపాడో మహేష్‌కు తట్టింది. సర్కారు టైపిస్టు ఉద్యోగాల ఫలితాలు ఈరోజే. తనతో పనిచేసే తనూజ సెలెక్టయితే అంత వేగంగా టైపు చేసే పిల్ల ఈ జీతానికి మళ్లీ దొరకదు. ఎంత స్వార్థం అనుకుని పళ్లు నూరాడు.

"సార్, నెట్ వస్తలేదు," అంది తనూజ.

"నేనే బంద్ పెట్టించిన."

"రిజల్ట్ వచ్చుంటది సార్! ఒక్క నిమిషం చూస్కుంట."

"ముందు అన్నం తిను. ఇయ్యాల నీకు మస్తు ఓపిక కావాలె."

"రిజల్ట్ చూసేదాంక ఏం ముట్టనని మొక్కుకున్న సార్. మా బాపు గూడ నవ్విండు. నౌకరి వస్తే గుడిమల్కాపూర్ మార్కెట్ల పూలన్నీ నా మీదనే పోస్తడట."

వైకుంఠం మొహం పక్కకు తిప్పుకున్నాడు. సొరుగులో ఏదో ఫోన్ గుర్రుమంది.

"నాదేనా సార్?"

"కాదు. నువ్వు తిను."

తన టిఫిన్ డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "తినకపోతే నెట్ ఇయ్య. ఖలాస్."

"గింత జిద్దేంది సార్?" తనూజ కళ్లలో నీళ్లు తిరిగాయి.

మహేష్ ఊరుకోలేకపోయాడు. "ఆ పిల్ల గట్ల ఏడుస్తుంటే నీకు మనసెట్ల ఒప్పుతుందన్నా?"

"నువ్వు నోరు మూస్కో!"

వైకుంఠం అరుపుకు ముగ్గురూ ఉలిక్కిపడ్డారు, అరిచినవాడితో సహా. తనూజ మొక్కును పక్కనపెట్టి డబ్బా మూత తీసింది. కన్నీళ్లతో పాటే ముద్దలు మింగింది. "ఇంకింత కలుపుకో. పెరుగు గూడ ఏస్కో," అంటూ వైకుంఠం నెత్తి మీదే నిలబడ్డాడు. మధ్యలో తనకు ఫోన్ వస్తే గుమ్మం దాకా పోయి ఏదో గొణిగి వచ్చాడు. బయట ఒక ఆటో ఎప్పటినుంచో ఆగి ఉంది. పేపర్లు బడికి తీసుకుపోవడానికేమో అనుకున్నాడు మహేష్. రేపటి నుంచి ఈ మనిషి దగ్గర పని చెయ్యకూడదని కూడా అనుకున్నాడు.

డబ్బా ఖాళీ అయింది. తనూజ చెయ్యి కడుక్కొచ్చి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"తిన్న కద సార్. ఇప్పుడన్నా నెట్ ఇయ్యిండ్రి. రిజల్ట్ చూసి బాపుకు ఫోన్ చేస్త."

వైకుంఠం కంప్యూటర్ వైపు పోలేదు. సొరుగు తాళం తీశాడు. ఆమె ఫోన్ బయటికి తీసి, ఇవ్వకుండా తన గుప్పిట్లోనే పట్టుకున్నాడు. బయట ఆటో స్టార్టయింది.

"బహదూర్‌పురా యాక్సిడెంట్ల పోయింది మీ బాపే, బిడ్డా."