పెళ్ళి నీళ్ళు

"దిగు! నా ట్యాంకు ఎక్కనీకి నువ్వెవనివి?"

సీతయ్య కింది నుంచి అరిచాడు. నిచ్చెన మీది ముసలాయన వెనక్కి తిరిగి చూడలేదు. చేతిలో మూత బిగించిన డబ్బా.

ఊరి నీళ్ళ ట్యాంకు చూసుకునేది సీతయ్యే. మర్నాడు కూతురు అరుణశ్రీ పెళ్ళి. అశ్వారావుపేట వియ్యాలవారికి నీళ్ళు వాసన కొట్టకూడదని ఆ రోజు బ్లీచింగ్ కలపలేదు.

ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో ఈ కొత్త మనిషి! పొద్దున్నే వీధి కుళాయి నీళ్ళు చిన్న సీసాలో పట్టి, రెండు చుక్కల మందేసి చూశాడు.

"పసుపు రంగు రాలే. నీళ్ళల్ల బ్లీచింగ్ లేదు" అని వెంటబడ్డాడు. "వానలకు వాగుల కొత్త నీళ్ళొచ్చినయ్. ఇయ్యాల ఆపకు."

"ఒక్క రోజే గదా! చారు వాసనొస్తే మా వియ్యపురాలు పరువు తీస్తది."

"తియ్యనీ."

అంతే. బ్లీచింగ్ కలిపిన డబ్బా పట్టుకొని నిచ్చెనెక్కాడు.

సీతయ్య వెనకే ఎక్కి చొక్కా పట్టి లాగేసరికే డబ్బా ట్యాంకులోకి ఖాళీ అయింది. దిగుతూ ముసలాయన జారిపడ్డాడు. మోకాలు చీరుకుపోయింది.

సీతయ్య చెయ్యెత్తాడు.

"కొట్టు. పోసింది పోసిన. అర్ధగంట ఆగి నీళ్ళు వదులు."

సీతయ్య భార్య సైదమ్మ గబగబా వచ్చి, మోకాలికి పసుపద్ది గుడ్డ కట్టింది. చుట్టాలు ఆయన్ను ఊరి ఆటోవాడు దేవ్లా బండిలో కుక్కి, ఊరు దాటించమన్నారు.

పెళ్ళిలో నీళ్ళు వాసన కొట్టనే కొట్టాయి.

"ఏందన్నయ్యా, పెండ్లికి పిలిచినవా, దవాఖానాల చేర్పిచ్చినవా?" అంది వియ్యపురాలు. పంక్తి పంక్తంతా నవ్వింది.

తల దించుకొని వడ్డిస్తూ, సీతయ్య ఆ ముసలాయన్ను నోరారా తిట్టుకున్నాడు.

నాలుగో రోజు వాగు అవతలి ఊళ్ళో వాంతులు, విరేచనాలు. అదే వాగు నీళ్ళు. ట్రాక్టర్లలో మనుషుల్ని దవాఖానాకు మోశారు.

ఇక్కడ, నాలుగొందల మంది తిన్న పెళ్ళిలో ఒక్కరికీ కడుపునొప్పి లేదు.

సీతయ్య దేవ్లా ఇంటికి పరుగెత్తాడు.

"ఆ పెద్దాయన ఏడి?"

"భద్రాచలం తొవ్వల దిగిండు. ఏ ఊరు పోతున్నవ్ అంటే, ట్యాంకున్న ఊరు అన్నడు. ఇగో, సీసా మరిచిండు."

సీసాకు పాత పెళ్ళికార్డు చుట్టి ఉంది. సీతయ్య విప్పి, అందులోని పెళ్ళికూతురి ఫొటో చూశాడు.

"ఈ పిల్లెవరు?"

"పెండ్లయిన మూడో నాటికే పోయిందట. నీళ్ళ జబ్బు."

దేవ్లా కార్డు తీసుకొని మళ్ళీ సీసాకు చుట్టాడు.

"వాసన రావద్దని ఆ ఒక్క రోజు వాళ్ళూరి ట్యాంకుల మందు ఆపింది ఆయనేనట సీతన్నా... గా పిల్ల తండ్రి."