రెండంగుళాలు

ఆఫీసులో హీటరు పక్కన కూర్చుని ‘ఒక్క పూతలో కొట్టి పారేయండి’ అని ఫోనులో చెప్పే పెద్దమనుషులారా, ఆ ముసలాయన్ని చంపింది మీరే.

అతన్ని మెడపట్టి గెంటిన ఆర్విడ్‌కీ అందులో వాటా ఉంది. ఆ మాట ఆర్విడే ఒప్పుకుంటాడు.

మిన్నెసోటాలో ఉత్తరాన చిన్న ఊరు. జనవరి. రాత్రికి చలి సున్నా కంటే ముప్పై డిగ్రీలు కిందికి దిగుతుందని రేడియో పొద్దుటినుంచీ మొత్తుకుంటోంది.

చర్చి అటక మీద ఆర్విడ్ ఫోమ్ కొడుతున్నాడు. గన్‌లోంచి పల్చగా పడుతుంది, క్షణంలో బూరెలా పొంగి గట్టిపడుతుంది. ఇక లోపలి వెచ్చదనం బయటికి పోదు, బయటి చలి లోపలికి రాదు.

కింద నేలమాళిగలో పద్నాలుగు మంది ఆడవాళ్ళు మర్నాటి చావు భోజనానికి హ్యామ్ శాండ్‌విచ్‌లు చేస్తున్నారు. ఫోమ్ పని జరిగే చోట జనం ఉండకూడదు. కంపెనీ మేనేజరు హోల్మ్ మాత్రం ‘నేలమాళిగేగా, ఏం కాదు’ అన్నాడు.

పదింటికి ఒక ముసలాయన వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. ముక్కూ నోరూ కప్పేసిన మఫ్లరు. మణికట్టుకి ఉక్కు కడియం.

గొట్టాలు చూసుకునే రెయినో నవ్వాడు. “ఆర్విడ్, ఓసారి దిగిరా. ముసుగేసుకుని, గాజు తొడుక్కుని పెళ్ళికూతురొచ్చింది.”

ఆర్విడ్ మాస్కు తీసి దిగొచ్చాడు.

“పూతకి ఎన్ని అంగుళాలు కొడుతున్నావు బాబూ?” అన్నాడు ముసలాయన.

“పది. ఒకటే పూత.”

“రెండు దాటకూడదు. రెండు కొట్టి, చల్లారాక మళ్ళీ రెండు. పొంగేటప్పుడు అది తనలో తానే కాగుతుంది. పైన చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది. లోపల నిప్పు.”

“అట్లా కొడితే మూడు రోజులు పడుతుంది తాతా. నాకిచ్చింది ఒక్కరోజు.”

“ఒక ముక్క కోసి చూడు.”

“నువ్వే కోసి చూపించు. రా లోపలికి.”

ముసలాయన గడప వంక చూశాడు. దాటలేదు.

“నోటితో ఇళ్ళు కట్టే రకం,” అన్నాడు రెయినో.

ఆర్విడ్ పైకెక్కి ఫోమ్ మీద చెయ్యి పెట్టాడు. చల్లగానే ఉంది. అయినా హోల్మ్‌కి ఫోన్ చేశాడు.

“సార్, రెండేసి అంగుళాలే కొట్టాలంటున్నారు...”

“దారిన పోయేవాడెవడో అన్నాడని పని ఆపుతావా? చీకటి పడేలోగా అయిపోవాలి.” ఫోన్ పెట్టేశాడు.

ఒంటిగంటకి పని ముగిసింది. ఇద్దరూ ట్రక్కులో కూర్చుని తింటున్నారు. రోడ్డుకి అవతల అప్పటిదాకా నిలబడి ఉన్న ముసలాయన ఉన్నట్టుండి కనబడలేదు.

చర్చి తలుపు తెరిచి ఉంది. పైనుంచి రంపం చప్పుడు.

ఆర్విడ్ నిచ్చెన ఎక్కేసరికి ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని ఫోమ్ కోస్తున్నాడు. మాస్కు లేదు. మఫ్లరు మెడలోకి జారిపోయింది. ఊపిరి ఈల వేస్తోంది.

“నేను పొద్దుటినుంచీ చచ్చీచెడీ చేసింది పాడుచేస్తావా?” ఆర్విడ్ అతని కాలరు పట్టుకున్నాడు.

“కింద... ఆడవాళ్ళని... పంపించెయ్.”

“ముందు నిన్ను పంపిస్తా.”

నిచ్చెన మీంచి దింపి, మెడపట్టి గుమ్మం బయటికి గెంటాడు. ముసలాయన కోసిన ముక్కని మాత్రం వదల్లేదు. దాన్ని మంచులోకి విసిరి, ట్రక్కు మెట్టు మీద కూలబడ్డాడు.

“పోలీసుల్ని పిలవనా?” అన్నాడు రెయినో.

ఆర్విడ్ మంచు వంక చూశాడు. ముక్క చుట్టూ మంచు కరుగుతోంది. కోసినవైపు బొగ్గులా నల్లగా ఉంది. చూస్తుండగానే ఆ నలుపులోంచి చిన్న మంట లేచింది.

తలెత్తాడు. చర్చి కప్పు అంచున పసుపుపచ్చటి పొగ.

మెట్లు మూడేసి చొప్పున దూకి నేలమాళిగలోకి పరిగెత్తాడు. “అందరూ బయటికి నడవండి.”

“కాఫీ పొయ్యి మీదుంది నాయనా, రెండు నిమిషాలాగు,” అంది లెంపీ అనే పెద్దావిడ.

“అమ్మా, అటక అంటుకుంది.”

అప్పుడు కదిలారు. లెంపీ కాఫీ కెటిల్‌తో సహా వచ్చింది.

ఆఖరామె రోడ్డు దాటిన కాసేపటికి కప్పు కూలింది. ఆర్విడ్ తలలు లెక్కపెట్టుకున్నాడు. పద్నాలుగూ ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చాడు ముసలాయన.

ట్రక్కు మెట్టు దగ్గర, రెయినో ఫోన్ చేస్తే వచ్చిన అంబులెన్సు నర్సు మోకాళ్ళ మీంచి లేస్తోంది. చేసేదేమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, అతని కడియం తిప్పి చూపించింది. దాని మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి.

‘ఉర్హో నియెమి. ఫోమ్ గాలి పడదు. ఒక్క పీల్పు చాలు, ప్రాణం పోతుంది.’

ఆర్విడ్ ఫోన్ మోగింది. హోల్మ్.

“కాలిందటగా. ఆ పిచ్చోడే ఏదో చేసుంటాడు. ఎవడు వాడు?”

“ఉర్హో నియెమి అట.”

“ఉర్హోనా?” హోల్మ్ గొంతు దిగిపోయింది. “నాకు గన్ పట్టడం నేర్పిందే ఆయన. ఈ గాలికి ఛాతీ చెడిపోయిందని, అప్పట్లో కంపెనీ నడిపిన మా నాన్న పనిలోంచి తీసేశాడు.”

“అయితే రెండంగుళాల సంగతి నీకు ముందే తెలుసు.”

ఆర్విడ్ వంగి ముసలాయన మఫ్లరు సర్దాడు.

“నిన్న నువ్వు చెప్పావని రెండిళ్ళకి పదేసి అంగుళాలు కొట్టొచ్చాను. ఆ అటకల కింద పిల్లలు పడుకుంటారు. వాళ్ళని ఇప్పుడే బయటికి పంపించి, రంపం పట్టుకుని రా హోల్మ్. చీకటి పడేలోగా ఆ రెండూ కోసి పారెయ్యాలి, నీ చేత్తోనే.”