పుట్టింటి గోత్రం

ఐసీయూలో ఇప్పుడు ప్రతి రోగి కణతకూ అల్ట్రాసౌండ్ బిళ్ల అంటిస్తారు. మెదడుకు రక్తం ఎలా పారుతోందో ఇంటివాళ్లమే తెర మీద ఒక గీతగా చూసుకుంటాం. మేడమెట్ల మీంచి పడిన మావారి గీత తొమ్మిది రోజులుగా ఒకేలా ఉంది. మా మాటలు ఆయనకు వినిపిస్తున్నాయో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ ఉదయం ఆయన చెయ్యి పట్టుకుని ఆరోగ్యం కోసం సంకల్పం చెప్పాను. భారద్వాజ అనబోయి, "కౌండిన్యస గోత్రోద్భవస్య" అనేశాను. అది మా పుట్టింటి గోత్రం. ముప్ఫై ఏళ్లుగా నాదిదే తప్పు, ఆయనదిదే దెప్పు: "ఇంకా మీ నాన్నగారింట్లోనే ఉన్నావుటే?"

గీత చటుక్కున లేచింది.

నర్సు సలోమి పరుగున వచ్చింది. "ఏమన్నారమ్మగారూ? మళ్లీ అదే అనండి!"

దేవుడి ముందు తెలిసి తెలిసి తప్పు చెప్పవచ్చా? స్వామికి దణ్ణం పెట్టుకుని, పుట్టింటి గోత్రమే ఇంకా గట్టిగా చెప్పాను.

గీత మళ్లీ లేచింది.